సూపరింటెండెంటు భోజనానికి వచ్చిన ఆదివారం

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది అమ్మ, అన్నయ్య ఫర్మన్, అమ్మమ్మ, ఒక గదిలో అద్దెకుంటూ మాతోనే భోంచేసే ఓడెల్, నేను. చర్చి అయ్యాక ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరు మా బట్టల మిల్లు బేస్‌బాల్ జట్టు మేనేజరు బ్రోడస్ గారు. రెండోవారు మిల్లు సూపరింటెండెంటు హాల్కమ్ గారు. నాన్న లేడు. ఏప్రిల్‌లో పోయాడు. ఇంట్లోవాళ్ళని లెక్కపెట్టేటప్పుడు ఇప్పటికీ ముందు ఆయన్నే లెక్కపెట్టి, తర్వాత తీసేస్తున్నాను.

కిందటిసారి మైదానం దగ్గర ఆగాను కదా. పొరుగు మిల్లుతో ఆట, ఆఖరి వంతు, అన్నయ్య చేతిలోంచి బంతి వెళ్ళడం, అతని ముఖం ఒక్కసారిగా తెల్లబడడం. ఆ ఆట మేమే గెలిచాం. భుజంలో ఏదో తెగిందని అన్నయ్య ఎవరికీ చెప్పలేదు. మిగిలిన బంతులు నడుం దగ్గర నుంచే మెల్లగా విసిరాడు. అదేదో కొత్త ఎత్తు అనుకుని ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ మర్నాటి నుంచి అన్నయ్య చొక్కాకి గుండీలు నేను పెడుతున్నాను. కుడి చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం లేదు.

మా ఇల్లు మాది కాదు. కెల్వీ మిల్లు కొండ మీద ఇళ్ళన్నీ మిల్లువే. నేత గదిలో పనిచేసే ఒక విధవకి నాలుగు గదుల ఇల్లు ఇవ్వరు. ఆ గదులు జట్టుకి బంతి విసిరే అన్నయ్య చేతికి ఇచ్చినవి. అన్నయ్య ఉద్యోగం అంటే గుడ్డల గోదాములో చీపురు పట్టుకుని నిలబడడం. మధ్యాహ్నం కాగానే చీపురు గోడకి ఆనించి మైదానానికి వెళ్ళిపోతాడు. జట్టులో అందరికీ అలాంటి చీపుళ్ళే ఉన్నాయి. అవి అరగవని ఊళ్ళో హాస్యం.

వచ్చే శనివారం డన్‌రీ మిల్లుతో కప్పు ఆట. అన్నయ్య విసరలేకపోతే చీపురు పోతుంది. చీపురు పోతే ఇల్లు పోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వారమంతా ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు.

సూపరింటెండెంటు మిల్లు కూలీల ఇంట్లో భోంచేయడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. శనివారం సాయంత్రం కబురొచ్చింది. అమ్మ గుడ్లు పెట్టే కోడిని కోసింది. వంటింట్లో ఉక్కగా ఉంటుందని బల్లని ముందు గదిలోకి మోశాం. అన్నయ్య ఎడమ చేత్తో ఒక పక్క పట్టుకున్నాడు. ఓడెల్ ఏమీ అడక్కుండా మిగతా బరువంతా తన మీదకి తీసుకున్నాడు.

హాల్కమ్ గారు నాన్న కుర్చీలో కూర్చున్నారు. అది నాన్నదని ఆయనకి తెలియదు. మేం చెప్పలేదు. అమ్మమ్మ ఆయన్నే ప్రార్థన చెప్పమంది. ఆయన భోజనానికీ, వానలకీ, మిల్లు యజమానుల ఆరోగ్యానికీ దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. ఓడెల్ ఆమెన్ అనలేదు. దగ్గాడు.

"లోరెనా, ఈ కోడి తింటుంటే మా వంటమనిషిని మానిపించెయ్యాలనిపిస్తోంది," అన్నారు హాల్కమ్ గారు.

అమ్మ ఆయన పెదవుల వంకే చూస్తూ, "ఇంకో ముక్క వేసుకోండి," అంది. అమ్మ గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. మగ్గాల మధ్య ఇన్నేళ్ళు పనిచేసి చెవులు మందగించాయి.

"నీ మగ్గాలెలా ఉన్నాయి ఓడెల్?" అని హాల్కమ్ గారు అటు తిరిగారు.

"పెరుగుతున్నాయండీ. కిందటేడు ఇచ్చినవాటికి ఇప్పుడు రెట్టింపు. చేతులే ఇంకా రెండు దగ్గర ఆగిపోయాయి."

బ్రోడస్ గారు నవ్వబోయి, పక్కనున్న పెద్దాయన నవ్వకపోవడం చూసి రొట్టె నోట్లో పెట్టుకున్నారు.

"ఫర్మన్, ఆ చిక్కుడుగింజల గిన్నె ఇలా అందించు," అన్నారు హాల్కమ్ గారు.

గిన్నె అన్నయ్యకి కుడి పక్కన, కొంచెం దూరంగా ఉంది. అన్నయ్య దాని వైపు చూశాడు. అమ్మమ్మ చెంచాతో బల్ల మీద టక్కున కొట్టింది.

"మగపిల్లాడి చేత గిన్నెలు మోయిస్తారా? ఈ ఇంట్లో ఆడవాళ్ళు చచ్చారా ఏంటి? వెర్డీ, లే! ఆ బొమ్మలా కూర్చోడం ఎక్కడ నేర్చుకున్నావే?"

నేను లేచి గిన్నె అందించాను. హాల్కమ్ గారు గింజలు వడ్డించుకుంటూ అన్నయ్య భుజం వైపే చూస్తున్నారు.

"నీ జారుడు బంతి గురించి జిల్లా అంతా చెప్పుకుంటున్నారబ్బాయ్. నేర్పింది బ్రోడసేనటగా?"

"అవునండీ," అన్నాడు అన్నయ్య.

అది నిజం కాదు. బ్యాటు దగ్గరికొచ్చాక పక్కకి జారిపోయే ఆ బంతి నేర్పింది లైజ్. దూది యార్డులో బేళ్ళు మోసే నల్లాయన. గోదాము వెనక, ఆదివారాలు, ఎవరూ లేనప్పుడు నేర్పాడు. లైజ్ అన్నయ్య కంటే బాగా విసురుతాడని అన్నయ్యే నాతో అన్నాడు. మా మైదానంలో ఆట చూడాలంటే లైజ్ కుడివైపు చివర నల్లవాళ్ళకి కట్టిన తాడు వెనక నిలబడాలి. ఆ సంగతి బ్రోడస్ గారికీ తెలుసు. ఆయన రొట్టెకి వెన్న రాసుకున్నారు.

హాల్కమ్ గారు కోటు జేబులోంచి కొత్త బంతి తీశారు. తెల్లగా, ఇంకా మట్టి అంటకుండా ఉంది. "పట్టుకో!" అని బల్ల మీదుగా విసిరారు. అన్నయ్య ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చేత్తో విసిరేవాళ్ళు ఎడమ చేత్తోనే పట్టుకుంటారు, అందులో వింతేమీ లేదు.

"ఏదీ, ఇప్పుడిటు విసురు."

అన్నయ్య బంతిని చేతిలో తిప్పి చూశాడు. అమ్మమ్మ కూడా ఈసారి ఏమీ అనలేకపోయింది. అన్నయ్య ఎడమ చేత్తోనే బంతిని బల్లగుడ్డ మీద దొర్లించాడు. అది పళ్ళేల మధ్య నుంచి వెళ్ళి హాల్కమ్ గారి పళ్ళేనికి తగిలి ఆగింది.

"ఆదివారం పూట అమ్మ గిన్నెలు పగలగొడితే శనివారం దాకా బతకనండీ," అన్నాడు.

అందరూ నవ్వారు. హాల్కమ్ గారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఈ పిల్లకెన్నేళ్ళు?"

"నవంబరుకి పదహారు నిండుతాయండీ," అంది అమ్మ.

"నవంబరంటే ఎంతలోకి వస్తుంది? పనికి పదహారేళ్ళుండాలని కొత్త చట్టం అంటుంది గానీ, పుట్టినరోజు చూసొచ్చేదెవరు? నూలు గదిలో రేపొక చోటు ఖాళీ అవుతోంది. పంపించు లోరెనా. ఇంట్లో ఇంకో రెండు చేతులు పనిచేస్తే మంచిదేగా."

సెప్టెంబరులో నేను పట్నం హైస్కూలుకి వెళ్ళాలి. మా మిల్లు బడి టీచరమ్మే మాట్లాడి పెట్టింది. కొండ మీది ఆడపిల్లల్లో అంతదాకా వెళ్ళినవాళ్ళు లేరు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు.

"పంపిస్తానండీ," అంది.

నాకేమీ అనిపించలేదు. పళ్ళెంలో టమాటా ముక్క ఉంది. దాని గింజలు ఒకవైపే ఎక్కువ ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

"శనివారం ఊరు ఊరంతా రావాలి ఫర్మన్. నువ్వు విసురుతున్నావంటే వస్తారు. విసురుతున్నావుగా?"

"విసురుతానండీ."

బ్రోడస్ గారు ఫోర్కు కింద పెట్టేశారు. తర్వాత పీచ్ పండ్లతో చేసిన తీపి వడ్డిస్తే, కడుపు నిండిందన్నారు.

భోజనాలయ్యాక పెద్దాయన అమ్మకి థాంక్స్ చెప్పి, బంతిని నాన్న కుర్చీలోనే వదిలేసి బయటికి నడిచారు. అన్నయ్య వెనక మెట్ల మీదకి వెళ్ళిపోయాడు. ఓడెల్ గిన్నెలు వంటింట్లోకి మోస్తున్నాడు. అమ్మా నేనూ కిటికీ దగ్గర నిలబడి బల్లగుడ్డ మడుస్తున్నాం. చెరో రెండు కొసలూ పట్టుకున్నాం.

కారు రోడ్డవతల ఆపారు. హాల్కమ్ గారు తలుపు తెరిచి ఎక్కబోతుంటే, బ్రోడస్ గారు ఆయన మోచెయ్యి పట్టుకుని కారు ముందుకి తీసుకొచ్చారు. పెద్దాయన ముఖం మా కిటికీ వైపుంది. బ్రోడస్ గారు మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఇద్దరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అంత దూరం నుంచి ఎవరికీ ఏమీ వినపడదు.

నేత గదిలో మగ్గాల హోరులో పక్కవాళ్ళు అరిచినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. గొంతు వాడరు. అమ్మ ఇంటికొచ్చాక కూడా చాలాసార్లు గొంతు లేకుండానే మాట్లాడుతుంది. నాకు అక్షరాలు రాకముందే అమ్మ పెదవులు చదవడం వచ్చింది. అన్నయ్యకి రాదు. అతను నాన్నతో మైదానంలో పెరిగాడు. హాల్కమ్ గారు ఆఫీసులోంచి పైకొచ్చిన మనిషి. నేత గదిలోకి ఎప్పుడొచ్చినా చెవుల్లో దూది పెట్టుకుని, చేత్తో అటూ ఇటూ చూపించి వెళ్ళిపోతారు.

ఆయన పెదవులు ఇలా అన్నాయి:

"చూశాగా. నువ్వు చెప్పింది నిజమే, వాడి భుజం పోయింది."

బ్రోడస్ గారి టోపీ కదిలింది.

"శనివారం వరకే. ఆ డన్‌రీ కుర్రాడు కప్పు ఆట అయ్యేదాకా వాళ్ళని వదిలి రానంటున్నాడు. సోమవారం వచ్చేస్తాడు. వాడి పెళ్ళాం, ఇద్దరు మరదళ్ళు, ముగ్గురికీ నూలు పనొచ్చు. ఈ ఇల్లే ఇస్తానని మాటిచ్చాను."

బ్రోడస్ గారు ఏదో అన్నారు. మాకు వీపే కనిపించింది.

"పోయిన చెయ్యే కదా, ఇంకొక్క ఆట ఆడితే కొత్తగా పోయేదేముంది? నాకు కావలసింది జనం. అదే సాయంత్రం యూనియన్ సభ పెట్టుకున్నారు. ఫర్మన్ విసురుతున్నాడంటే సభకి ఎవడెళ్తాడు?"

మళ్ళీ బ్రోడస్ గారు. మళ్ళీ టోపీ.

"వాళ్ళమ్మ సంగతంటావా? ఆమె మగ్గాలు ఎటూ మందగించాయి. పిల్లని రేపు రమ్మన్నాను, అనుమానం రాకుండా ఉంటుంది. వాడికి మాత్రం ఏమీ చెప్పకు."

తర్వాత ఇద్దరూ కారెక్కారు. దుమ్ము లేచింది. అమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉంది. నా చేతిలో కూడా. అమ్మ ముఖం చూశాను. మగ్గం మీద దారం తెగితే ఎలా చూస్తుందో అలా ఉంది. తెగింది, ముడెయ్యాలి, అంతే.

"అన్నయ్యకి చెప్పకు," అంది, గొంతు లేకుండా.

ఇద్దరం కొసలు కలిపి గుడ్డ మడిచాం.

నేను ఎక్కువ మాట్లాడే పిల్లని కాదు. చర్చిలో పద్యం చెప్పమంటే కడుపు నొప్పి వస్తుంది. అమ్మ చెప్పొద్దంటే చెప్పకుండా ఉండడం నాకు కష్టం కాదు. కానీ గుడ్డని అలమరలో పెట్టి తిరిగి చూస్తే, ఆ కొత్త బంతి నాన్న కుర్చీలో ఉంది. శనివారం అన్నయ్య ఆ చెయ్యి పైకెత్తుతాడు. ఇల్లు నిలబెట్టాలని ఎత్తుతాడు. ఆ ఇల్లు అప్పటికే వేరేవాళ్ళది. నా కాళ్ళు వెనక మెట్ల వైపు నడిచాయి.

అమ్మమ్మ అన్నయ్య చొక్కా విప్పి, టర్పెంటైన్‌లో ముంచిన వేడి గుడ్డ భుజానికి అద్దుతోంది. ఆమె కింది పెదవి వెనక ఎప్పట్లాగే నశ్యం ఉంది.

"కదలకురా. ఇది చెయ్యా, తలుపు చెక్కా? మీ తాత గాడిదకి కూడా ఇంత సేవ చెయ్యలేదు నేను."

"గాడిద కప్పు ఆట ఆడలేదు కదా అమ్మమ్మా."

"ఆడుంటే గెలిచేది. దానికి నోరు మూసుకుని ఉండడం తెలీదు మరి. కాలు నొప్పెడితే ఊరంతా వినేలా అరిచేది."

"అన్నయ్యా," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. ఎప్పుడూ ముందుగా మాట్లాడని మనిషి మాట్లాడితే అలాగే చూస్తారు. చెప్పేశాను. హాల్కమ్ గారి మాటలు వరసగా, ఆయన అన్నట్టే చెప్పాను. నా గొంతు వేరే ఎవరిదో అన్నట్టు వినిపించింది.

అన్నయ్య మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక, "డన్‌రీ కుర్రాడంటే థర్లో. శనివారం నా ఎదురుగా విసిరేది వాడే," అన్నాడు. "శనివారం నాతో ఆడి, సోమవారం నా మంచం మీద పడుకుంటాడన్నమాట."

"మంచం మనది," అంది అమ్మమ్మ. "మంచం ఇవ్వం."

"బ్రోడస్ గారేమన్నారు వెర్డీ?"

"తెలీదు. ఆయన వీపే కనిపించింది. పెద్దాయన కారెక్కబోతుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కిటికీ వైపు తిప్పి నిలబెట్టారు."

అమ్మమ్మ చేతిలో గుడ్డ ఆగింది. "తిప్పి నిలబెట్టాడా?"

"ఊఁ."

"ఆయన పెళ్ళాం మీ అమ్మ పక్క మగ్గాల మీదే కదే. ఆ ఇంట్లో కూడా రాత్రీ పగలూ పెదవులతోనే పోట్లాడుకుంటారు. నేత గదివాళ్ళ కిటికీ ముందు నిలబడి గుట్టు మాట్లాడకూడదని సూపరింటెండెంటుకి తెలీకపోవచ్చు. బ్రోడస్‌కి తెలీకపోవడమేంటి?"

అన్నయ్య వెనక వరస ఇళ్ళ వైపు చూశాడు. అన్నీ ఒకేలా ఉంటాయి మా ఇళ్ళు, ఒకే రంగు, ఒకే మెట్లు.

"నా భుజం సంగతి ఆయనే వాళ్ళకి చెప్పాడు," అన్నాడు. "వాళ్ళ సంగతి ఆయనే మనకి చూపించాడు. ఏది పట్టుకుని మనిషిని తిట్టాలో తెలీడం లేదు." తర్వాత నన్నడిగాడు: "అమ్మ కూడా చూసిందా?"

నేను వంటింటి గుమ్మం వైపు చూశాను. అదే చెప్పడమయింది.

అన్నయ్య లేచాడు. చొక్కా భుజాల మీద వేలాడుతూ ఉండగానే వంటింట్లోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఓడెల్ చిన్న బల్ల దగ్గర కూర్చుని పళ్ళేలు తుడుస్తున్నాడు. అమ్మ తొట్టిలో వేడినీళ్ళు పోస్తోంది. అన్నయ్య ఆమెకి పెదవులు కనిపించేలా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఇల్లు పోయిందని తెలిసి కూడా నన్ను విసరనిద్దామనుకున్నావా అమ్మా?"

అమ్మ నా వైపు చూడలేదు. చెప్పిందెవరో ఆమెకి తెలుసు.

"ఇంకా గంట కూడా కాలేదు నాకు తెలిసి," అంది. "ఎలా చెప్పాలో చూస్తున్నాను."

"చెప్పేదానివేనా?"

"ఇల్లు పోతుందని చెప్పడం కష్టం కాదు ఫర్మన్. అది వాళ్ళు తీసుకోకముందే నేను వదిలేశానని చెప్పడం కష్టం."

అన్నయ్యకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఓడెల్ పళ్ళెం కింద పెట్టి, "అక్కా, నేను చెప్పనా?" అన్నాడు.

"నువ్వూరుకో." అమ్మ తడి చేతులు పక్కలకి తుడుచుకుంది. "యూనియన్‌లో సంతకం పెట్టాను. ఏప్రిల్‌లో. ఓడెల్ మన ఇంటికి గది కోసం రాలేదు. నేనే పిలిచాను."

సంతకం పెట్టినవాళ్ళ పేరు బయటపడితే సామాను రోడ్డు మీద ఉంటుంది. కింది వరసలో రెండిళ్ళు అలాగే ఖాళీ చేయించారు. పొయ్యి ఇంకా వేడిగా ఉండగానే బయట పెట్టారు.

"ఏప్రిల్‌లోనా?" అన్నాడు అన్నయ్య. "నాన్న పోయిన నెలలోనా?"

"నాన్నని పాతిపెట్టిన రోజున."

ఆ రోజు నాకు గుర్తుంది. శనివారం. పొద్దున సమాధి. ఆట వాయిదా వెయ్యమని అమ్మమ్మ వెళ్ళి అడిగితే, బయటి ఊరి జట్టు అప్పటికే బయల్దేరిందన్నారు. మిల్లు వాళ్ళు పెద్ద పూలదండ పంపారు. మధ్యాహ్నం అన్నయ్య నల్ల చొక్కా విప్పి జట్టు చొక్కా వేసుకున్నాడు.

"నేను మన వరండాలో కూర్చున్నాను," అంది అమ్మ. "నా చెవులకి కూడా వినపడింది ఆ కేకలు. మైదానమంతా నీ పేరే. దూదిపొడి పీల్చి పీల్చి మీ నాన్న ఊపిరాడక పోయాడు. ఆయన మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. అప్పుడే లేచి వెళ్ళి పెట్టాను సంతకం."

"నేను వెళ్ళకపోతే ఇల్లు తీసేసేవాళ్ళమ్మా. నీకోసం వెళ్ళాను. అప్పట్నుంచీ నీకోసమే విసురుతున్నాను. ఈ చెయ్యి చూడు." ఎత్తబోయాడు. ఛాతీ దాకా వచ్చి ఆగింది. "ఇది ఈ ఇంటికోసం పోయింది. నువ్వు వదిలేసిన ఇంటికోసం!"

అమ్మ ఆ చెయ్యి వైపు చూసింది. దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటుందనుకున్నాను. వెళ్ళలేదు.

"ఇంటికోసమే అయితే ఆ రోజు ఓడిపోయినా ఇల్లుండేది," అంది. "నువ్వు ఓడిపోలేదు. అంత బాగా ఎప్పుడూ విసరలేదని అందరూ నాతో అన్నారు. సమాధి దగ్గరనుంచి నేరుగా వెళ్ళి అంత బాగా విసిరావు. నేను కోపంతో అనడం లేదు నాయనా. ఆ కేకలంటే నీకిష్టం. మిల్లుకి అది మనకంటే ముందే తెలుసు."

అన్నయ్య ముఖం నేను చూడలేకపోయాను. పొయ్యి మీద ఖాళీ కుండ ఉంది. దాన్ని చూశాను. అతని గొంతు వినపడింది. కోపం లేదు, ఏడుపు లేదు. నీళ్ళు తెమ్మని అడిగినట్టుంది.

"నిజమే," అన్నాడు. "ఇష్టమే."

ఓడెల్ ఒక కుర్చీ జరిపాడు. అన్నయ్య కూర్చున్నాడు. అమ్మ అతని చొక్కా సరిచేసి, నేను రోజూ పెట్టే గుండీలు కింది నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టింది. పై గుండీ పెట్టాక చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

"శనివారం నేను విసరను," అన్నాడు అన్నయ్య. "రేపే వెళ్ళి హాల్కమ్‌తో చెప్పేస్తాను."

"చెప్పకు," అన్నాడు ఓడెల్. అతను ఇంత గట్టిగా మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. "నువ్వు విసురుతున్నావనే ఊరంతా అనుకోవాలి. శనివారం ఊరంతా మైదానానికి రావాలని వాళ్ళొక్కళ్ళే కాదు, మేమూ కోరుకుంటున్నాం."

"ఎందుకు? మీ సభో?"

ఓడెల్ అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది.

"వెర్డీ, వెళ్ళి అమ్మమ్మ దగ్గర కూర్చో."

నేను గుమ్మంలోంచి కదల్లేదు. "నేను చెప్పబట్టే కదా అన్నయ్యకి తెలిసింది," అన్నాను. పైకే అన్నాను.

"అందుకే వెళ్ళమంటున్నాను. రేపు నూలు గదిలో నిన్ను అడుగుతారు. మీ ఇంట్లో ఎవరేం మాట్లాడుకుంటున్నారని అడుగుతారు. ముందు మంచిగా, బిస్కత్తు చేతిలో పెట్టి అడుగుతారు. నాకు తెలీదని నువ్వు చెప్పాలి. నీకు అబద్ధం చెప్పడం రాదు. నిజంగా తెలీకుండానే ఉండాలి."

"ఇల్లే పోతుంటే నేనింకా నూలు గదికెందుకమ్మా?"

"నువ్వు రేపు వెళ్ళకపోతే, మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. శనివారం దాకా తెలియకూడదు."

"మరి సెప్టెంబరులో..." అన్నాను. హైస్కూలు అనే మాట నోట్లోకి రాలేదు.

అమ్మకి అది పెదవుల మీద కనిపించే ఉంటుంది. రెండడుగులు నా వైపు వేసింది. ఆమె చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి, వేళ్ళ చివర్లు నూలు దారాలకి కోసుకుపోయి ఉన్నాయి. నా భుజాల మీద ఆ చేతులు పెట్టి, నన్ను గుమ్మం అవతలకి, మెట్ల మీదకి జరిపింది. గట్టిగా తొయ్యలేదు. వెనక అన్నయ్య, "శనివారం నన్నేం చెయ్యమంటారు?" అని అడుగుతున్నాడు. ఓడెల్ ముందుకి వంగాడు.

అమ్మ తలుపు వేసింది.